నేలకు కట్టని ఇళ్లు: 1994లో గీసిన ఒక గీత

2024 అక్టోబర్ 9న మిల్టన్ హరికేన్ ఫ్లోరిడా పడమటి తీరాన్ని తాకడానికి కొన్ని గంటల ముందే, తూర్పు తీరంలో టోర్నడోలు పుట్టాయి. సెయింట్ లూసీ కౌంటీలోని స్పానిష్ లేక్స్‌లో, పెద్దవయసు వాళ్లు ఉండే మొబైల్ హోముల (ఫ్యాక్టరీలో తయారుచేసి, లాక్కొచ్చి నిలబెట్టే ఇళ్ల) కాలనీలో ఆరుగురు చనిపోయారు. అప్పటి నుంచి పాత ప్రశ్నలే మళ్లీ వినిపిస్తున్నాయి. ఈ ఇళ్లను నేలకు సరిగ్గా కట్టారా? కట్టి ఉంటే ఆగేవా? కట్టించాల్సింది ఎవరు, తర్వాత వచ్చి చూడాల్సింది ఎవరు?

కారు వెనక లాక్కెళ్లే ట్రైలర్లు కాపురాలుండే ఇళ్లుగా ఎలా మారాయో చాలామందికి తెలిసిందే. 1976 జూన్ 15 నుంచి ఇవి అమెరికా ఫెడరల్ గృహనిర్మాణ శాఖ, అంటే ‘హడ్’, నియమావళి కిందికి వచ్చాయి. ఆ నియమావళిలో ఒక్క మాట మాత్రం గుర్తుపెట్టుకోవాలి. ఇంటిని నేలకు బిగించడానికి వీలు కల్పించే ఏర్పాటు ఫ్యాక్టరీలోనే ఉండాలని అది చెప్పింది. ఆ ఏర్పాటును వాడి యాంకర్లు నిజంగా నేలలోకి దింపారా లేదా అన్నది రాష్ట్రాలకు వదిలేసింది. నేటి తగాదాలో సగం అక్కడి నుంచే వచ్చింది. మిగతా సగం 1994లో పుట్టింది. నా దృష్టిలో అసలు మలుపు అదే.

ముందు కట్టడమంటే ఏమిటో చూద్దాం. ఇలాంటి ఇల్లు ఉక్కు చాసిస్ మీద ఉంటుంది. చాసిస్ కింద కాంక్రీట్ బ్లాకులు పేర్చిన దిమ్మెలు ఉంటాయి. దిమ్మెలు బరువు మోస్తాయి, అంతే. ఇంటిని పట్టి ఉంచవు. గాలి వీచినప్పుడు గోడ మీద పక్కకు నెట్టుడు పడుతుంది, పైకప్పు మీద పైకి లాగుడు పడుతుంది. ఆ రెండూ కలిస్తే ఇల్లు దిమ్మెల మీద నుంచి జారిపోతుంది, లేదా ఒరిగి పల్టీ కొడుతుంది. దీన్ని ఆపేది భూమిలోకి స్క్రూలా తిప్పుతూ దింపే ఉక్కు యాంకర్, దాని తలకు చాసిస్‌ను కలిపే ఒకటింపావు అంగుళం వెడల్పు ఉక్కు స్ట్రాప్. యాంకర్ ఒక్కోటి 3,150 పౌండ్ల (సుమారు 1,430 కిలోల) లాగుడును మామూలుగా తట్టుకోవాలి, చివరి హద్దుగా 4,725 పౌండ్ల (సుమారు 2,140 కిలోల) దగ్గర కూడా నిలవాలి.

కాగితం మీద ఈ లెక్క బాగుంటుంది. కానీ యాంకర్ బలం యాంకర్‌లో లేదు, మట్టిలో ఉంది. గట్టి నేలలో నిలిచే యాంకరే వదులు ఇసుకలో, నాని మెత్తబడిన నేలలో పైకి లేస్తుంది. అందుకే దింపేముందు నేల గట్టిదనాన్ని కొలిచే టార్క్ మీటరుతో పరీక్షించి, దాన్ని బట్టి యాంకర్ పొడవు నిర్ణయించాలి. స్ట్రాప్ ఏటవాలుగా లాగినప్పుడు యాంకర్ కడ్డీ మట్టిని కోసుకుంటూ ఇంటివైపు వంగకుండా, దాని ముందు ఒక అడ్డుపలక కూడా పాతాలి. ఆ పలక లేకపోతే స్ట్రాప్ ఎంత గట్టిదైనా బిగువు ఉండదు. ఇవన్నీ ఇంటి అడుగున, చుట్టూ మూసే స్కర్టింగ్ పలకల వెనక జరిగే పనులు. కొనేవాళ్ల కంటికి కనిపించవు.

ఇప్పుడు 1992 ఆగస్టు 24కు వెళ్దాం. ఆ తెల్లవారుజామున ఆండ్రూ హరికేన్ దక్షిణ ఫ్లోరిడాలోని హోమ్‌స్టెడ్ మీదుగా వెళ్లింది. అక్కడి 1,176 మొబైల్ హోముల్లో 1,167 పూర్తిగా ధ్వంసమయ్యాయని జాతీయ హరికేన్ కేంద్రం నివేదిక నమోదు చేసింది. మిగిలినవి తొమ్మిది. కొన్ని చోట్ల చాసిస్ స్ట్రాపులతో నేలనే పట్టుకుని ఉంది, దాని మీద ఇల్లు మాత్రం లేదు. హడ్ చూపు ఫ్యాక్టరీ మీద పడటానికి ఇదో కారణం. పైకప్పుకూ గోడకూ, గోడకూ నేలపలకకూ మధ్య బిగింపులు చాలడం లేదని తేలిపోయింది.

1994 జనవరిలో హడ్ కొత్త నియమం ప్రకటించింది. ఆ జూలై నుంచి అది అమల్లోకి వచ్చింది. దేశాన్ని మూడు గాలి జోన్లుగా విడదీసింది. మూడో జోన్‌లో ఇల్లు గంటకు 110 మైళ్ల గాలికి, రెండో జోన్‌లో 100 మైళ్ల గాలికి తట్టుకోవాలి. మొదటి జోన్‌కు 70 మైళ్ల స్థాయి పాత ప్రమాణమే మిగిలింది. తయారీదారుల సంఘాలు కోర్టుకెక్కాయి. ఇళ్ల ధర పెరిగి పేదలకు అందకుండా పోతాయన్నది వాళ్ల ప్రధాన వాదన. అది కొట్టిపారేయదగ్గ మాట కాదు. ఈ ఇళ్లలోకి వచ్చేవాళ్లు చాలామంది ఇంకో ఇల్లు కొనలేకే వస్తారు. అయినా 1995లో పదకొండో సర్క్యూట్ ఫెడరల్ అప్పీళ్ల కోర్టు నియమాన్ని నిలబెట్టింది.

ఫలితం పదేళ్లలోనే కనిపించింది. 2004 ఆగస్టు 13న చార్లీ హరికేన్ షార్లెట్ కౌంటీ మీదుగా వెళ్లాక పరిశీలకులు ఇంటింటికీ తిరిగారు. 1994 తర్వాతి ఇళ్లు పాతవాటికంటే ఎంతో మెరుగ్గా నిలిచాయి. వాటికి జరిగిన నష్టంలో చాలావరకు తర్వాత తగిలించిన కార్‌పోర్టులు, వరండాలు ఊడిపోతూ ఇంటి పైకప్పును, గోడను చీల్చడం వల్ల వచ్చింది. అంటే నియమం పనిచేసింది. ఈ సంగతి ఎంత నొక్కి చెప్పినా తక్కువే. ఎందుకంటే ‘ఈ ఇళ్లు ఇంతే, గాలి వస్తే పోతాయి’ అనే మాట ఇప్పటికీ వినబడుతోంది.

కానీ ఆ నియమం గీసిన గీత హరికేన్‌ను చూసి గీసినది. రెండు, మూడు జోన్లు చాలావరకు తీరం వెంబడే సాగుతాయి. ఓక్లహామా, కాన్సాస్, టెనెసీ, అలబామాలో సముద్రానికి ఆనుకున్న రెండు కౌంటీలు తప్ప మిగతాదంతా, టోర్నడోలు ఏటా తిరిగే నేలంతా, మొదటి జోన్‌లో మిగిలిపోయింది. నాటి కొలత పద్ధతిలో 70 మైళ్లంటే మూడు సెకన్ల పాటు వీచే గాలి జోరును కొలిచే ఈనాటి లెక్కలో దాదాపు 85 మైళ్లు. టోర్నడో తీవ్రత కొలమానంలో రెండో మెట్టయిన ఈఎఫ్-1 మొదలయ్యేది 86 దగ్గర. లోతట్టు ప్రాంతంలో ఒక కుటుంబం ఇవాళ కొత్త ఇల్లు కొనుక్కున్నా, అది తట్టుకోవాల్సిన గాలి ఈఎఫ్-1 గడప దగ్గరే ఆగిపోతుంది. ఈఎఫ్-1 గాలులు 110 మైళ్ల దాకా వెళ్తాయి.

‘టోర్నడోకు ఏ ఇల్లూ ఆగదు, బయటికి వచ్చి గట్టి ఆశ్రయానికి వెళ్లాలి’ అన్నది తయారీదారుల వైపు నుంచి వచ్చే జవాబు. వెళ్లాలన్న మాటలో తప్పేమీ లేదు, హెచ్చరిక వస్తే తప్పక వెళ్లాలి. ‘ఏ ఇల్లూ ఆగదు’ అన్న మాట మాత్రం నిజం కాదు. టోర్నడోల్లో అత్యధిక భాగం కొలమానంలో అడుగు రెండు మెట్లలోనే ఉంటాయి. పెద్ద టోర్నడో వచ్చినా, దాని దారి అంచుల్లో గాలి నడిమధ్యలో ఉన్నంత ఉండదు. ఆ అంచుల్లో ఉన్న ఇల్లు నేలను పట్టుకుని ఉంటే లోపలి మనిషి గాయాలతో బయటపడే అవకాశం ఉంది. పల్టీ కొడితే లేదు. అమెరికాలో మొత్తం ఇళ్లలో మొబైల్ హోములు సుమారు 6 శాతమే అయినా, టోర్నడోల్లో ఇంట్లో ఉండి చనిపోయేవాళ్లలో సగానికి పైగా వీటిలోనే ఉన్నారు.

2019 మార్చి 3న అలబామాలోని లీ కౌంటీలో, బోరెగార్డ్ దగ్గర జరిగింది చూడండి. 23 మంది చనిపోయారు. వాళ్లలో 19 మంది ఇలాంటి ఇళ్లలో ఉన్నవాళ్లు. తర్వాత అక్కడ తిరిగిన ఇంజనీర్లు తుప్పు పట్టి తెగిన స్ట్రాపులు, నేలలోంచి ఊడివచ్చిన యాంకర్లు చూశారు. అది ఈఎఫ్-4, అంటే చాలా తీవ్రమైన టోర్నడో. దాని నడిమధ్యలో యాంకర్లతో ఒరిగేదేమీ లేదు, ఒప్పుకోవాల్సిందే. కానీ అంచుల్లో ఉన్న ఇళ్ల గురించి అదే మాట అనడానికి నాకు మనసు రాదు.

గీత సంగతి అలా ఉంచితే, 1994 వదిలేసిన రెండోది ఇంటిని నేలకు బిగించే పని. ఫ్లోరిడా ఆ పని సొంతంగా చేసుకుంది. 1998 ఫిబ్రవరిలో ఆ రాష్ట్రం మధ్యభాగంలో ఒక్క రాత్రి టోర్నడోలకు 42 మంది చనిపోయారు. మరుసటి ఏడాది అక్కడ యాంకర్ల నియమాలు బిగుసుకున్నాయి. యాంకర్ల మధ్య దూరం 5 అడుగుల 4 అంగుళాలు మించకూడదన్నారు. అదే కాలంలో హరికేన్ల నిధి నుంచి డబ్బు తీసి, తల్లాహాసీ కమ్యూనిటీ కాలేజీ ద్వారా పాత ఇళ్లకు అదనపు యాంకర్లు వేయించే పథకం మొదలైంది. ఎవరి తప్పు అని తేల్చేదాకా ఆగకుండా, ఇంటి కిందికి మనుషుల్ని పంపి పని చేయించిన పథకం అది. మిగతా రాష్ట్రాలు దీన్ని చూసి నేర్చుకోవాల్సింది.

ఫెడరల్ ప్రభుత్వం మాత్రం నెమ్మదిగా కదిలింది. ఇళ్లను నిలబెట్టే పనికీ ప్రమాణాలు ఉండాలన్న చట్టం 2000 డిసెంబర్‌లో వచ్చింది. ఆ ప్రమాణాలు వెలువడేసరికి 2007 అయింది. ఆండ్రూ తర్వాత పదిహేనేళ్లు. అవి కూడా కొత్త ఇంటిని మొదటిసారి నిలబెట్టేటప్పుడే వర్తిస్తాయి. ఇల్లు చేతులు మారి ఇంకో చోటికి కదిలితే మళ్లీ రాష్ట్రం దయే. అసలు కదలకుండా ఉన్న ఇంటి కింద స్ట్రాప్ ఇరవై ఏళ్లు తుప్పు పడుతుంటే, వచ్చి చూడమని ఆ ప్రమాణాలు ఎవరినీ అడగవు.

అందుకే ప్రతి తుఫాను తర్వాత అందరూ పక్కవాళ్ల వైపు వేలు చూపిస్తారు. నేను ఇచ్చిన సూచనల ప్రకారం కట్టలేదంటాడు తయారీదారు. ఆ రోజు తనిఖీ పాసయిందంటాడు నిలబెట్టినవాడు. ఇల్లు వాళ్లది, నేను స్థలం మాత్రమే అద్దెకిచ్చానంటాడు ఆ ఇళ్ల కాలనీ యజమాని. ఇంట్లో ఉండే పెద్దావిడ మాత్రం, తనది కాని నేలలో పాతిన యాంకర్లను, తాను కిందికి దూరి చూడలేని యాంకర్లను, నమ్ముకుని పడుకుంటుంది. ఈ నలుగురిలో తుఫాను రాత్రి ఇంట్లో ఉండేది ఆవిడ ఒక్కతే.

2021 చివర్లో అమెరికా సివిల్ ఇంజనీర్ల సంఘం (ఏఎస్‌సీఈ) తెచ్చిన కొత్త ప్రమాణం, ఏఎస్‌సీఈ 7-22, మొదటిసారి టోర్నడో గాలిని లెక్కలోకి తీసుకుంది. అది బడులు, ఆసుపత్రుల వంటి భవనాలకే. ఇళ్లకు కాదు. మొబైల్ హోముల గాలి జోన్లు ఇప్పటికీ ఆ సంఘమే 1988లో ఇచ్చిన పాత ప్రమాణం మీద నడుస్తున్నాయి. లీ పేరుతో రెండు కౌంటీలున్నాయి. 2022లో ఇయాన్ హరికేన్ తాకిన ఫ్లోరిడా లీ కౌంటీ మూడో జోన్‌లో ఉంది. 19 మంది ఈ ఇళ్లలో చనిపోయిన అలబామా లీ కౌంటీ మొదటి జోన్‌లోనే ఉంది.