అమెరికా వార్తల మీద అపోహలు - వాస్తవాలు: న్యూస్ డెస్క్ నుంచి

మా బాబాయి రెండేళ్ళకోసారి వచ్చి ఆర్నెల్లు మా ఇంట్లో ఉంటాడు. పొద్దున కాఫీతో ఒక న్యూస్ ఛానెల్ పెడతాడు, మధ్యాహ్నం కునుకు తీసి లేచాక దానికి బద్ధ శత్రువైన ఛానెల్ పెడతాడు. సాయంత్రానికి ఆయనకు బీపీ, ఇంట్లో మిగతావాళ్ళకి టెన్షన్. నేను పెన్సిల్వేనియాలో ఒక లోకల్ టీవీ స్టేషన్‌లో ప్రొడ్యూసర్‌ని కాబట్టి, అమెరికా మీడియా మొత్తం తరఫున సంజాయిషీ నేనే చెప్పుకోవాలి. ఆయన అడిగేవీ, ఇక్కడి బర్త్‌డే పార్టీల్లో మనవాళ్ళు అడిగేవీ దాదాపు ఒకటే. అందుకే రాసి పెడుతున్నాను.

అపోహ: "మీకు పైనుంచి ఆర్డరొస్తుంది కదమ్మా?"

వాస్తవం: ఫలానా పార్టీని ఎత్తమనీ, ఫలానా పార్టీని దించమనీ ఇన్నేళ్ళలో నాకెవరూ ఫోన్ చేయలేదు. అలాంటిది ఎక్కడా జరగదని మాత్రం అనను. 2018లో ఎన్నో లోకల్ టీవీ స్టేషన్లున్న సింక్లెయిర్ సంస్థ తన స్టేషన్ల యాంకర్ల చేత ఒకే స్క్రిప్టు చదివించింది. ఆ వీడియోలన్నీ అతికించి పెడితే దేశమంతా చూసింది, మా వృత్తిలో ఉన్నవాళ్ళం సిగ్గుపడ్డాం.

కానీ రోజువారీ వార్తల్ని వంకర తిప్పేది డబ్బు లెక్క. నిన్న రాత్రి అధ్యక్షుడు పెట్టిన పోస్టు మీద వాదించుకోమని నలుగురిని స్టూడియోలో కూర్చోబెడితే గంట నిండిపోతుంది. అదే గంటకి సరిపడా కొత్త విషయం తేవాలంటే రిపోర్టర్లు, కెమెరాలు, ప్రయాణాలు, లాయర్ కావాలి, రోజులు పడుతుంది. పైగా కేబుల్ ఛానెల్‌కి ఒక వెసులుబాటుంది. కనెక్షన్ ఉన్న ప్రతి ఇంటి నెల బిల్లులోంచీ, ఆ ఇంట్లో చూసినా చూడకపోయినా, దానికో వాటా వెళ్తుంది. కాబట్టి దాన్ని దేశమంతా మెచ్చక్కర్లేదు. "మా ఛానెల్ తీసేస్తే కనెక్షనే మానేస్తాం" అనే వీరాభిమానులు కొందరుంటే చాలు. మామూలు రోజుల్లో మొదటి స్థానంలో ఉన్న న్యూస్ ఛానెల్‌ని కూడా ప్రైమ్‌టైమ్‌లో చూసేది కొన్ని పదుల లక్షల మందే. దేశ జనాభా 33 కోట్ల పైమాట.

ఆ అభిమానుల నుంచి మాత్రం ఆర్డర్ వస్తుంది. 2020 ఎన్నికల తర్వాత ఓటింగ్ యంత్రాలు ఓట్లు మార్చేశాయన్న ఆరోపణల్ని, రిపబ్లికన్ల వైపు మొగ్గే ఫాక్స్ న్యూస్‌లో చాలామంది లోలోపల నమ్మలేదని, ఆ యంత్రాలు తయారుచేసే డొమినియన్ కంపెనీ వేసిన దావాలో బయటపడ్డ మెసేజ్‌లు చెప్పాయి. నిజం చెబితే ప్రేక్షకులు పక్క ఛానెల్‌కి పోతారన్న భయం కూడా వాటిలో ఉంది. చివరికి 2023 ఏప్రిల్‌లో 78.75 కోట్ల డాలర్లిచ్చి రాజీ చేసుకున్నారు. ఇది చెబితే బాబాయి, "అయితే తప్పు నాదంటావా?" అన్నాడు. నేను టీ పెట్టడానికి వంటింట్లోకి వెళ్ళిపోయాను.

(మన ఛానెళ్ళేమీ తక్కువ తినలేదు. 2024 జులైలో జేడీ వాన్స్‌ని ఉపాధ్యక్ష అభ్యర్థిగా ప్రకటించగానే కెమెరాలన్నీ ఉషా వాన్స్ పూర్వీకుల ఊరు, పశ్చిమ గోదావరి జిల్లా వడ్లూరుకి పరిగెత్తాయి. వాన్స్ విధానాలేమిటో వివరించడం కన్నా వడ్లూరుకి వ్యాన్ పంపడం తేలిక మరి.)

అపోహ: రెండు పక్షాలూ చూపాలన్న చట్టాన్ని రేగన్ ఎత్తేశాడు, అందుకే ఫాక్స్ పుట్టింది.

వాస్తవం: సగం నిజం. ఫెయిర్‌నెస్ డాక్ట్రిన్ 1949లో వచ్చింది, రేగన్ హయాంలో 1987లో పోయింది. అది చట్టం కాదు, ప్రసారాలను నియంత్రించే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌సీసీ పెట్టిన నియమం. గాలిలో తరంగాలు వాడుకునే రేడియో, టీవీ స్టేషన్ల మీదే ప్రభుత్వం దాన్ని అమలు చేసేది. కేబుల్ ఛానెల్ ఆ తరంగాల మీద నడవదు. 1996లో మొదలైన ఫాక్స్ న్యూస్‌కీ, అదే ఏడాది వచ్చిన ఎంఎస్ఎన్‌బీసీకీ ఆ నియమం ఉన్నా తగిలేది కాదు. దెబ్బ నిజంగా కనపడింది రేడియోలో. 1988లో కన్జర్వేటివ్ వ్యాఖ్యాత రష్ లింబా షో దేశమంతటా ప్రసారం కావడం మొదలైంది, ఆ బాట పట్టినవాళ్ళు చాలామంది. అభ్యర్థులకు సమాన సమయం ఇవ్వాలన్న 1934 నాటి నిబంధన వేరు. అది ఇప్పటికీ ఉంది, కానీ వార్తా కార్యక్రమాలకు 1959 నుంచి మినహాయింపు.

అపోహ: పూర్వం పత్రికలు ఏ పార్టీకీ కొమ్ము కాసేవి కావు.

వాస్తవం: 1791లో జెఫర్సన్ విదేశాంగ మంత్రిగా ఉంటూ, ఫిలిప్ ఫ్రెనో అనే కవికి తన శాఖలో అనువాదకుడి ఉద్యోగమిచ్చాడు. ఆయన నడిపిన నేషనల్ గెజిట్ పనల్లా జెఫర్సన్ ప్రత్యర్థి, ఆర్థిక మంత్రి హామిల్టన్‌ని తిట్టడం. హామిల్టన్‌కి ఇంకో గెజిట్ ఉంది లెండి.

అపోహ: రాత్రి ఒకరు గెలుస్తుంటే తెల్లారేసరికి ఇంకొకరు గెలిచారంటే మోసం జరిగినట్టే.

వాస్తవం: ఇది మనవాళ్ళకి అర్థం కాకపోవడంలో ఆశ్చర్యం లేదు. మనకి ఎన్నికల సంఘం ఉంది. పొద్దున ఎనిమిదింటికి మొదట పోస్టల్ బ్యాలెట్లు లెక్కపెట్టడం మొదలుపెడతారు, ఆ తర్వాత ఈవీఎంలు, సాయంత్రానికి సంబరాలు. అమెరికాలో దేశమంతటికీ లెక్కపెట్టి ప్రకటించే సంఘమే లేదు. ఎవరి రాష్ట్రం రూలు వాళ్ళది, లెక్కపెట్టేది కౌంటీలు (మన జిల్లాల్లాంటివి). టీవీలో "గెలిచాడు" అని చెప్పేది అసోసియేటెడ్ ప్రెస్ (ఏపీ) వార్తా సంస్థ, ఛానెళ్ళలో అంకెలు చూసి విజేతను తేల్చే డెసిషన్ డెస్కులు. ఏపీ ఆ పని 1848 నుంచి చేస్తోంది. తప్పులూ జరిగాయి. 2000 అధ్యక్ష ఎన్నికల్లో ఛానెళ్ళు ఫ్లోరిడాని ముందు గోర్‌కి, తర్వాత బుష్‌కి ఇచ్చేసి రెండుసార్లూ నాలిక కరుచుకున్నాయి. చివరికి తేడా 537 ఓట్లు.

మా పెన్సిల్వేనియాలో తపాలా ఓట్ల కవర్లను పోలింగ్ రోజు పొద్దున ఏడింటికి ముందు విప్పకూడదు. ఫ్లోరిడాలో ముందే సిద్ధం చేసుకోవచ్చు, అందుకే అక్కడ రాత్రికే తేలిపోతుంది. 2020లో తపాలాలో ఎక్కువగా వేసింది డెమోక్రాట్లు, బూత్‌కి వెళ్ళింది రిపబ్లికన్లు. బూత్ ఓట్లు ముందు లెక్కకొచ్చాయి, ట్రంప్‌కి లక్షల ఆధిక్యం కనపడింది. కవర్లు విప్పేకొద్దీ అది కరిగింది, బైడెన్ సుమారు 80 వేలతో గెలిచాడు. మంగళవారం పోలింగ్ అయితే శనివారం తేలింది. ముందే విప్పనివ్వమని కౌంటీ అధికారులు మొత్తుకుంటూనే ఉన్నారు. రెండు పార్టీల్లోనూ ఒప్పుకునేవాళ్ళున్నారు, దానికి జోడించే షరతుల దగ్గర తెగదు. రాజకీయాల మీద నాకు నిజంగా ఒళ్ళుమండేది ఇక్కడే.

మా తప్పూ ఉంది. ఆ రాత్రి మేం తెర మీద ఆధిక్యం అంకెలు పెద్దవిగా వేశాం. తపాలా ఓట్లు ఇంకా ఎన్ని మిగిలాయో కింద సన్న అక్షరాల్లో వేశాం. మర్నాడు ఫోన్లన్నీ నేనే ఎత్తాను.

అపోహ: టీవీ కట్టేస్తే చాలు, పీడా పోతుంది.

వాస్తవం: బీపీకి మంచిదే. కానీ ఆ స్థానంలో చదవడానికి ఏముంది? 2005 నుంచి ఈ దేశంలో 3,200కు పైగా పత్రికలు మూతపడ్డాయి, వాటిలో ఎక్కువ చిన్న ఊళ్ళ వారపత్రికలే. మా టౌన్‌షిప్ (మన పంచాయతీలాంటిది) పత్రికా వాటిలో కలిసింది. మొన్న బాబాయిని టౌన్‌షిప్ మీటింగ్‌కి తీసుకెళ్ళాను. మురుగునీటి చార్జీల పెంపు మీద గంటన్నర చర్చ. హాల్లో మేం కాక పదకొండు మంది, ఒక్క విలేకరి లేడు. ఎవరిది ఏ పార్టీయో చివరిదాకా కనిపెట్టలేకపోయానని బాబాయి తెగ ఇదైపోయాడు. తిరిగొస్తూ కార్లో, "ఇది రాత్రికి మీ టీవీలో వేస్తారా అమ్మాయ్?" అన్నాడు.

వేయలేదు. ఆ రాత్రి బులెటిన్‌లో వాషింగ్టన్‌కే రెండున్నర నిమిషాలు పోయింది.