వెలుగు ముందుకు, వేడి వెనక్కి

చిక్కడపల్లి, హైదరాబాద్

చిరంజీవులైన పిల్లలకు,

తాతయ్య ఆశీస్సులు. దసరా సెలవులకు వచ్చినప్పుడు సొంతంగా టార్చిలైటు చేయడం నేర్పమని అడిగారు కదా. ఫోనులో చెబితే సగం గాలికి పోతుందని రాస్తున్నాను. వచ్చేలోపు రెండుసార్లు చదవండి. అర్థం కాని చోట పెన్సిలుతో గీత పెట్టుకోండి.

మా నాన్నగారి దగ్గర రెండు బ్యాటరీల టార్చి ఉండేది. రాత్రిపూట పొలానికి నీళ్లు పెట్టడానికి వెళ్తూ తీసుకెళ్లేవారు. వెలుగు తగ్గితే బ్యాటరీలు తీసి ఎండలో పెట్టేవారు. ఆ రాత్రికి మళ్లీ కాస్త వెలిగేది. ఎండకు లోపలి రసాయన చర్య కొంచెం చురుకవుతుంది, అంతే తప్ప కొత్త శక్తేమీ చేరదు. ఆ టార్చి బల్బులో వెంట్రుకలాంటి టంగ్‌స్టన్ తీగ ఉండేది. అది సుమారు 2,500 డిగ్రీల దాకా కాగితేనే వెలుగు వచ్చేది. మనం వాడబోయే ఎల్‌ఈడీ స్వభావం దీనికి పూర్తిగా ఎదురు. కాగితే అది చచ్చిపోతుంది.

ఎల్‌ఈడీ చల్లగా వెలుగుతుందని చాలామంది అనుకుంటారు. దాని ముందు చెయ్యి పెట్టి చూసి అలా అనుకుంటారు. పాత బల్బు తన వేడిని వెలుగుతో పాటే ముందుకు విసిరేసేది. ఎల్‌ఈడీకి అది చేతకాదు. దానికి ఇచ్చిన విద్యుత్తులో సగానికి పైగా వేడిగానే మారుతుంది. ఆ వేడంతా ఆవగింజంత చిప్పులో పోగుపడి, వెనక నుంచి బయటపడే దారి వెతుక్కుంటుంది.

నేను మొదటిసారి చేసిన టార్చిలో దానికి ఆ దారి ఇవ్వలేదు. ప్లాస్టిక్ పైపు ముక్క తీసుకుని, దాని మూతకు ఒక వాట్ ఎల్‌ఈడీని జిగురుతో అంటించాను. స్విచ్ వేయగానే గది నిండా పాలలాంటి వెలుగు! మీ అమ్మమ్మను వంటింట్లోంచి పిలిచి మరీ చూపించాను. పది నిమిషాలు గడిచేసరికి ఆ తెలుపులోకి నీలి ఛాయ వచ్చింది. తరవాత మసకబారింది. మర్నాడు వెలగనే లేదు. విప్పి చూస్తే జిగురు మెత్తబడి ఉంది, ఎల్‌ఈడీ మీది పసుపు పొర గోధుమ రంగుకు తిరిగింది. చాలా బాధపడ్డాను.

ఆ పసుపు పొర సంగతి మీరు తెలుసుకోవాలి. మనకు తెల్లగా కనిపించే ఎల్‌ఈడీ లోపల వెలిగేది నీలి చిప్పు. పసుపు పొర ఆ నీలి కాంతిలో కొంత తాగి పసుపు కాంతిగా బయటికి వదులుతుంది. మిగిలిన నీలం, ఈ పసుపు కలిస్తే మన కంటికి తెలుపు. బాగా వెలిగే నీలి ఎల్‌ఈడీని సాధించినందుకే అకసాకి, అమానో, నకమురా అనే ముగ్గురికి 2014లో భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి ఇచ్చారు. వేడికి పసుపు పొర దెబ్బతింటే నీలం బయటపడుతుంది. నా టార్చిలో జరిగింది అదే.

అందుకే మన టార్చి ఒళ్లంతా అల్యూమినియం. ప్లాస్టిక్ కంటే దాదాపు వెయ్యి రెట్లు సులువుగా అది వేడిని మోసుకుపోతుంది. రాణిగంజ్‌లో బయట 19, లోపల 16 మిల్లీమీటర్లు ఉండే పైపు కొందాం. మనం వాడే ఏఏ (పెన్సిలు) బ్యాటరీ వ్యాసం 14.5 మిల్లీమీటర్లు కాబట్టి సులువుగా జారుతుంది. తల భాగానికి అల్యూమినియం కడ్డీ ముక్క తీసుకుని బాలానగర్‌లో లేతు మీద తిప్పించి, మరలు కోయిద్దాం. కత్తి మొన తగలగానే లోహం చుట్టలు చుట్టలుగా లేస్తుంటే చూడటం ఎంత బాగుంటుందో! ఎల్‌ఈడీ, కరెంటును అదుపులో ఉంచే రెసిస్టరు, స్ప్రింగు, స్విచ్ కోఠిలోని గుజరాతీ గల్లీలో దొరుకుతాయి. ఎల్‌ఈడీని విడిగా కాకుండా, నక్షత్రం ఆకారంలో ఉండే అల్యూమినియం బిళ్ల మీద అమర్చినదే అడుగుదాం.

ఇక కాస్త లెక్క. మూడు కొత్త బ్యాటరీలు వరసగా పెడితే 4.5 వోల్టులు. మన ఎల్‌ఈడీకి కావలసింది 3.2 వోల్టులు. మిగిలిన 1.3 వోల్టులను రెసిస్టరు మీద వదిలించుకోవాలి. ఎల్‌ఈడీ తట్టుకునే కరెంటు 0.35 ఆంపియర్లు. 1.3ని 0.35తో భాగిస్తే 3.7. మన రెసిస్టరుకు ఉండాల్సిన నిరోధం అన్ని ఓమ్‌లు. బజారులో దానికి దగ్గరగా దొరికేది 3.9 ఓమ్‌లది. అది సుమారు అర వాట్ శక్తిని మింగి వేడిగా మారుస్తుంది కాబట్టి ఒక వాట్ రెసిస్టరే కొనాలి. లెక్కను మీరూ ఒకసారి చేసి చూడండి. బ్యాటరీలు ఒక్కొక్కటి 1.1 వోల్టులకు దిగితే ఏమవుతుందో కూడా కట్టండి. వెలుగు ఎందుకు తగ్గుతుందో, ఖరీదైన టార్చిల్లో కరెంటును నిలకడగా ఉంచే డ్రైవరు అనే చిన్న సర్క్యూటు ఎందుకు పెడతారో అప్పుడు మీకే తెలుస్తుంది.

టంకం వేసేటప్పుడు ఒక ఇబ్బంది వస్తుంది, ముందే చెబుతున్నాను. నక్షత్రపు బిళ్ల వేడిని లాగేస్తుంది కదా, టంకం కడ్డీ వేడిని కూడా అలాగే లాగేస్తుంది. టంకం సరిగ్గా కరగక ముద్దలు కడుతుంది. ముందు తీగ కొసకు, బిళ్ల మీది గుర్తుకు విడివిడిగా టంకం పూసి, ఆ తరవాత రెంటినీ కలపాలి. బిళ్లను టార్చి తలలో బిగించక ముందే ఈ పని అయిపోవాలి. పని కాగానే సబ్బుతో చేతులు కడుక్కోవాలి, టంకంలో సీసం ఉంటుంది.

బిళ్లకూ తలకూ మధ్య, వేడిని సులువుగా దాటించే థర్మల్ పేస్టు పలచగా, గాజు మీద ఆవిరి పట్టినంత పూస్తే చాలు. ఎక్కువ పూస్తే అదే అడ్డమవుతుంది.

వెలుగును ముందుకు పంపే గిన్నెలాంటి రిఫ్లెక్టరు పారాబోలా ఆకారంలో ఉంటుంది. దాని నాభి (ఫోకస్) దగ్గర ఎల్‌ఈడీ సరిగ్గా కూర్చుంటేనే కిరణాలు తిన్నగా పోతాయి. అర మిల్లీమీటరు అటూ ఇటూ అయినా గోడ మీద వెలుగు మధ్యలో నల్లని మచ్చ పడుతుంది. అప్పుడు కింద పలచని రింగు ఒకటి వేస్తూ, ఒకటి తీస్తూ చూడాలి. నాకు అన్నిటికంటే ఇష్టమైన పని ఇదే. ఒక సాయంత్రమంతా దీనికే కేటాయిద్దాం.

మన టార్చిలో కరెంటు తిరిగి వచ్చే తీగ వేరే ఉండదు, పైపే ఆ తీగ. అనోడైజింగ్ చేసిన, అంటే పైన గట్టి ఆక్సైడ్ పొర ఎక్కించిన పైపు చూడటానికి ముచ్చటగానే ఉంటుంది కానీ ఆ పొర కరెంటును పోనివ్వదు. అందుకని అది లేని పైపు తీసుకుంటాం. అయినా లోహం కలిసే ప్రతి చోటా ఉప్పుకాగితంతో రుద్ది మెరిపించాలి. టార్చి మినుకుమినుకుమంటే నేను ముందు అక్కడే వెతుకుతాను.

లిథియం బ్యాటరీలు మాత్రం ఇప్పుడు వద్దు. 18 మిల్లీమీటర్ల వ్యాసం, 65 మిల్లీమీటర్ల పొడవు ఉండే 18650 బ్యాటరీ గురించి పెద్దోడు ఎక్కడో చదివాడని తెలుసు. అందులో శక్తి చాలా ఉంటుంది. ప్లస్, మైనస్ పొరపాటున కలిశాయంటే నిప్పు అంటుకోవచ్చు. పాత లాప్‌టాప్ విప్పి తీసినవి అసలు ముట్టుకోవద్దు. ఈ టార్చి చక్కగా వెలిగాక వాటి సంగతి మనం కలిసి చూద్దాం.

అంతా బిగించాక ఐదు నిమిషాలు వెలిగించి తల మీద వేలు పెట్టి చూడండి. గోరువెచ్చగా తగిలితే వేడికి దారి దొరికిందన్నమాట. వెలుగు బాగా ఉండి తల మాత్రం చల్లగానే ఉంటే వెంటనే ఆపేయండి. వేడి లోపలే చిక్కుకుంది, పేస్టు మళ్లీ పూయాలి.

వచ్చేటప్పుడు వోల్టులు, కరెంటు కొలిచే మీ నాన్న మల్టీమీటరు తీసుకురండి, నాది సరిగ్గా చూపించడం లేదు. అటక మీద పనిచేయని టార్చి ఏదైనా ఉంటే అదీ తెండి. మొదటి రోజు దాన్ని విప్పి, కరెంటు ఎక్కడ ఆగిపోయిందో కనిపెడదాం.

మీ
తాతయ్య