రెండు నిమ్మకాయల కోసం ఒక ఫ్రిజ్

చిట్టీ, బుజ్జీ,

సెలవులైపోయి మీరు వెళ్ళాక ఫ్రిజ్ తీసి చూస్తే రెండు నిమ్మకాయలు, సగం కొరికిన చాక్లెట్టు ఉన్నాయి. వాటికోసం అది రాత్రంతా గుర్రుమంటూనే ఉంది. "ఖాళీగా ఉంటే కరెంటు కాలదు కదా అమ్మమ్మా" అన్నావు చిట్టీ మొన్న ఫోన్లో. నేనూ అలాగే అనుకునేదాన్ని.

ఆ రాత్రి లైట్లు, ఫ్యాన్లు అన్నీ కట్టేసి టార్చి పట్టుకుని మీటరు ముందు నిలబడ్డాను. దోమలు పీక్కుతిన్నాయనుకోండి. మన మీటరు మీద 3200 అని ఉంటుంది. ఎర్రదీపం అన్నిసార్లు మెరిస్తే ఒక యూనిట్ కాలినట్టు. ఫ్రిజ్ మోటారు ఆడుతున్నంతసేపూ నిమిషానికి ఐదుసార్లు మెరిసింది. గంటకు 300. రోజులో సగం సేపు ఆడినా 3600, యూనిట్ దాటిపోయింది. లెక్క తప్పితే చెప్పు బుజ్జీ.

ఫ్రిజ్ చలిని పుట్టించదర్రా. లోపలి వేడిని తోడి, వెనకనున్న నల్ల గొట్టాల మీదుగా బయట పారబోస్తుంది. చిల్లుపడవలో నీళ్ళు తోడినట్టే, తోడేకొద్దీ గోడల్లోంచీ తలుపు రబ్బరు సందుల్లోంచీ వేడి మళ్ళీ దూరుతుంది. లోపల సరుకుందా లేదా అని అది చూడదు. లోపల 4 డిగ్రీలు, ఎండాకాలం వంటింట్లో 40 అనుకోండి, తేడా 36. సంక్రాంతి పొద్దున 24 అయితే తేడా 20. తేడా పెరిగినకొద్దీ చాకిరీ ఎక్కువ.

ఖాళీ చోట నీళ్ళ సీసాలు పెట్టమంటారు. తలుపు తీసినప్పుడల్లా పోయే చల్లగాలి తగ్గుతుంది, నిజమే. గంటకు పదిసార్లు తీసే మీలాంటివాళ్ళున్నప్పుడు పనికొస్తుంది. నేనొక్కదాన్నీ తలుపే తీయనప్పుడు ఒరిగేదేముంది?

అందుకే స్విచ్ కట్టేశాను. పాలు రెండుపూటలా కాచుకుంటాను, నీళ్ళకు కుండ ఉంది. ఫ్రీజర్లో ఐసు చాకుతో గీకబోతే మెకానిక్ కేకలేశాడు, గొట్టానికి చిల్లు పడితే గ్యాసంతా పోతుందట. ఐసును దానంతటదే కరగనిచ్చి, లోపలంతా పొడిగుడ్డతో తుడిచి, తలుపు మూసుకోకుండా తువ్వాలు మడిచి అడ్డం పెట్టాను. మూసేస్తే బూజు పట్టి కంపు కొడుతుంది. వెనక గొట్టాల మీద దుమ్ము కూడా దులిపాను, దుమ్ముంటే వేడి బయటికి పోదు. తలుపు రబ్బరులో పది రూపాయల నోటు పెట్టి మూసి లాగితే ఒకచోట ఊరికే వచ్చేసింది. రబ్బరు మార్పించాలి.

మీరొచ్చే తేదీ చెప్పండి, ముందురోజే ఆన్ చేస్తాను. నిమ్మకాయలు పులిహోరలోకి పోయాయి. చాక్లెట్టు నేనే తిన్నాను.

మీ అమ్మమ్మ