తెల్ల పొగ చూసి మురిసిపోకండి: బార్బెక్యూ మీద మాంసం స్మోక్ చేయడంలో అపోహలు, వాస్తవాలు

కొత్తగా మూత గ్రిల్ కొన్న ఇళ్లలో మొదటి ఆదివారం చాలావరకు ఒకేలా గడుస్తుంది. మూత మీది రంధ్రాల్లోంచి తెల్లటి పొగ మబ్బులా లేస్తుంటుంది. చుట్టూ చేరినవాళ్లు అబ్బో అంటారు. నాలుగు గంటల తర్వాత పళ్లెంలోకి వచ్చిన ముక్క చేదుగా ఉంటుంది, నాలుక మొద్దుబారుతుంది. తప్పు మసాలాలో ఉందేమోనని వెతుకుతారు గానీ, అది నిప్పు దగ్గర జరిగింది: గాలి చాలక చెక్క సరిగా మండలేదు.

ఇక్కడి కొలతలన్నీ 22 అంగుళాల గుండ్రటి బొగ్గు గ్రిల్‌కి సరిపడేవి. నిప్పు సెగ నేరుగా తగలకుండా, మూత వేసి, 105 నుంచి 135 డిగ్రీల వేడిలో గంటల తరబడి మగ్గనివ్వడాన్నే స్మోకింగ్ అంటున్నాం. డిగ్రీలన్నీ సెల్సియస్‌లోనే ఇచ్చాం. అమెరికాలో ఉన్నవాళ్లు 120 అంటే సుమారు 250 ఫారెన్‌హీట్ అని గుర్తుపెట్టుకుంటే చాలు.

అపోహ: పొగ ఎంత దట్టంగా ఉంటే రుచి అంత బాగా పడుతుంది

దట్టమైన తెల్ల పొగ వస్తోందంటే చెక్క సగం మండుతూ సగం కుములుతోందని అర్థం. ఆ పొగలో తారులాంటి జిగురు ఉంటుంది. అదే మాంసం మీద పేరుకుని చేదెక్కిస్తుంది. కావలసిన పొగ కంటికి సరిగా ఆనదు కూడా. వెనకాల చెట్టో ముదురు రంగు గోడో ఉండేలా నిలబడి పై రంధ్రం వైపు చూడండి. లేత నీలం రంగులో, అగరొత్తి పొగంత పల్చగా ఒక తెర కదులుతూ కనిపించాలి. రంధ్రానికి జానెడు పైన అరచెయ్యి ఒక్క క్షణం ఆడించి వాసన చూడండి. తియ్యటి కట్టె వాసన వస్తే మాంసం పెట్టొచ్చు. ముక్కుకి ఘాటుగా తగిలితే ఇంకో పది పదిహేను నిమిషాలు ఆగాలి. మొదటిసారి చేసేవాళ్లలో ఎక్కువమంది ఆగలేనిది ఇక్కడే.

వంట సాగుతున్నంతసేపూ పై రంధ్రాన్ని పూర్తిగా మూయకండి. వేడి తగ్గించాలంటే కింది రంధ్రాన్ని తగ్గించాలి. పైది మూసేస్తే పొగ లోపలే నిలిచి ముక్క మీద మసి కడుతుంది.

అపోహ: చెక్క ముక్కల్ని రాత్రంతా నానబెట్టాలి

పిడికెడంత ముక్కని రాత్రంతా నీళ్లలో ఉంచి తెల్లారి చీల్చి చూడండి. పైపైన రెండు మూడు మిల్లీమీటర్లు తడిసి ఉంటుంది, లోపలంతా పొడిగానే ఉంటుంది. ఆ పై తడి ఆరేదాకా చెక్క వేడెక్కదు. అంతసేపూ వచ్చే తెల్లటి మబ్బులో ఎక్కువ భాగం నీటి ఆవిరే, పైగా దాని చెమ్మకి కింది నిప్పు మందగిస్తుంది. బాగా ఎండిన చెక్కనే వాడండి. పచ్చి కట్టె అయితే కోశాక కనీసం ఆరు నెలలైనా ఆరాలి.

అపోహ: అమెరికాలో వాడే ఓక్, హికరీ కట్టె దొరక్కపోతే అసలు రుచి రాదు

ఎక్కడి వంటకి అక్కడి కట్టె. మధ్య టెక్సస్‌లో పోస్ట్ ఓక్ వాడేది అక్కడ అది విరివిగా పెరుగుతుంది కాబట్టే. 19వ శతాబ్దంలో అక్కడ స్థిరపడిన జర్మన్, చెక్ కుటుంబాల మాంసం దుకాణాల్లో దొరికిన కట్టెతోనే పొగబెట్టి, కాగితంలో చుట్టి అమ్మేవాళ్లు. డాలస్‌లోనో హ్యూస్టన్‌లోనో ఉంటే ఓక్, పెకాన్ ముక్కలు దుకాణంలోనే దొరుకుతాయి. ఆంధ్రలో, తెలంగాణలో ఉంటే మామిడి, జామ చెక్క చక్కగా పనికొస్తాయి. రెండింటి పొగా మెత్తనిది, కోడికి బాగా నప్పుతుంది.

ఇంకో చెట్టు గురించి కాస్త ఎక్కువ చెప్పుకోవాలి. అమెరికా బార్బెక్యూలో పేరున్న మెస్కీట్‌కి మన చెరువుగట్ల మీద, బీళ్లలో ముళ్లతో అల్లుకుపోయే సర్కారు తుమ్మ దగ్గరి చుట్టం. దాని బొగ్గు మన దగ్గర ఎప్పటినుంచో వాడకంలో ఉంది. మెస్కీట్ లాగే ఇదీ బాగా వేడిగా మండుతుంది, పొగ ఘాటుగా ఉంటుంది. త్వరగా అయిపోయే వంటకి ఒక్క ముక్క వేస్తే బాగుంటుంది గానీ, ఎనిమిది గంటల వంటకి అదే వాడితే చేదు తేలుతుంది. మామిడి మూడు ముక్కలకి తుమ్మ ఒక్క ముక్క చాలు. దసరాకి మొక్కే జమ్మికి కూడా ఈ చెట్లతో బంధుత్వం ఉంది. దాని జోలికి మాత్రం వెళ్లొద్దు.

నీలగిరి చెక్క, పైన్ పార్సిల్ పెట్టెలు, ప్లైవుడ్, రంగు వేసిన చెక్క, మందు పట్టించిన కలప నిప్పు దగ్గరికి కూడా రానివ్వకండి.

అపోహ: బొగ్గు నిండా పోసి ముట్టిస్తే గంటల తరబడి చూసుకోనక్కర్లేదు

అలా చేస్తే అరగంటలో 200 దాటుతుంది. ఒకసారి మొత్తం బొగ్గు అంటుకున్నాక వేడిని దించడం చాలా కష్టం, నెమ్మదిగా పెంచడం తేలిక. అందుకే బొగ్గుని పాములా పేర్చాలి. గ్రిల్ లోపలి అంచు వెంబడి, ఒకే సైజు బొగ్గు బిళ్లల్ని పక్కపక్కన రెండు, వాటి మీద రెండు చొప్పున పేర్చుకుంటూ ముప్పావు చుట్టు వరకు రండి. ఇది సుమారు ఏడెనిమిది గంటలు నడుస్తుంది. కొబ్బరి చిప్పల బొగ్గు బిళ్లలు దీనికి బాగుంటాయి. విడి కట్టెబొగ్గు పెద్దాచిన్నా కలిసి ఉంటుంది కాబట్టి ఈ పద్ధతికి కుదరదు, నిప్పు ఒకచోట దూకుతుంది, ఒకచోట ఆరిపోతుంది.

పేర్చిన వరస మీద మొదటి సగంలో బెత్తెడు దూరానికొకటి చొప్పున పిడికెడంత చెక్క ముక్కలు నాలుగు పెట్టండి. విడిగా పది బిళ్లల్ని బూడిద రంగు తిరిగేదాకా కాల్చి, పటకారుతో పాము ఒక కొసన ఉంచండి. నడుమ ఖాళీలో లీటరు వేడినీళ్లు పోసిన పళ్లెం, దాని పైన జాలీ మీద మాంసం. మూత మీది రంధ్రం నిప్పు ఉన్న కొసకి ఎదురువైపు ఉండాలి, అప్పుడే పొగ మాంసం మీదుగా సాగిపోతుంది. కింది రంధ్రం సగం తెరిచి మొదలుపెట్టి, లోపల 100 రాగానే పావు వంతుకి తగ్గించండి. 120 వచ్చాక తగ్గిద్దామనుకుంటే అప్పటికే ఆలస్యమైపోతుంది. రంధ్రం కదిపిన ప్రతిసారీ పావుగంట ఆగి చూడాలి. వెంటవెంటనే కదిపితే వేడి ఊగిసలాడుతూనే ఉంటుంది.

ముట్టించడానికి కిరోసిన్ వద్దే వద్దు, ఆ వాసన మాంసంలో దిగుతుంది. చిమ్నీ స్టార్టర్ (బొగ్గు నింపి ముట్టించే ఇనప గొట్టం) కింద రెండు కాగితం ఉండలు, గుప్పెడు కొబ్బరి పీచు పెడితే పదిహేను ఇరవై నిమిషాల్లో నిప్పు తయారవుతుంది.

అపోహ: పళ్లెంలో నీళ్లు మాంసాన్ని మెత్తగా చేస్తాయి

ఆ ఆవిరి మాంసం లోపలికి వెళ్లదు. నీళ్లు చేసే పని వేరు: వేడి ఎగుడుదిగుళ్లు లేకుండా చూస్తాయి, ముక్క పైభాగాన్ని త్వరగా ఎండనివ్వవు. తడి ఉన్నచోట పొగ బాగా అంటుకుంటుంది.

అపోహ: మూత మీది వేడి మీటరు చాలు

అది మూతలో పైన ఉంటుంది, మాంసం జాలీ మీద ఉంటుంది. రెండుచోట్లా వేడిలో 15, 20 డిగ్రీల తేడా మామూలే. రెండు ప్రోబులున్న (వేడి కొలిచే కడ్డీలున్న) డిజిటల్ థర్మామీటర్ కొనండి. ఒకటి జాలీ మీద మాంసం పక్కన, ఒకటి ముక్క మందంగా ఉన్నచోట ఎముకకి తగలకుండా. మసాలాల మీద, ప్రత్యేకమైన బొగ్గు మీద పెట్టే డబ్బు ముందు దీని మీద పెట్టడం మేలు. వాడేముందు మరిగే నీళ్లలో ముంచి చూడండి: విశాఖలో 100 చూపాలి, ఎత్తు మీదున్న హైదరాబాద్‌లో 98 దగ్గర చూపితే సరైనదే.

అపోహ: అల్లం వెల్లుల్లి, పెరుగు పట్టించి రెండు రోజులు ఉంచితే లోపలిదాకా పడుతుంది

లోపలికి బాగా దిగేది ఉప్పు. మిగతావన్నీ దాదాపు పైపైనే ఆగిపోతాయి. పులుపు ఎక్కువసేపు ఉంటే పై పొర పిండిలా అవుతుంది. తడి ముద్ద మందంగా పట్టిస్తే ముక్క మీద గట్టి పొర కట్టదు. కిలోకి 12 గ్రాముల ఉప్పు, అంటే తలకొట్టిన రెండు టీస్పూన్లు, అన్నివైపులా రుద్ది, మూత లేకుండా రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచండి. పొద్దున మిరియాలు, కారం, ధనియాల పొడి లాంటి పొడి మసాలాలు అద్దితే చాలు. ఫ్రిజ్‌లోంచి తీసి నేరుగా గ్రిల్ మీదికి పెట్టొచ్చు, చల్లటి ముక్కకి పొగ ఇంకా బాగా పడుతుంది.

అపోహ: కిలోకి ఇన్ని గంటలు అని లెక్క ఉంటుంది

ఈ లెక్కని నమ్ముకుని భోజనానికి పిలిచినవాళ్లు అతిథుల్ని ఆకలితో కూర్చోబెడతారు. రెండున్నర కిలోల పంది జబ్బ ముక్కని 120 దగ్గర పెడితే ఏడు గంటల్లో కావచ్చు, పది పట్టొచ్చు. మొదటి రెండు మూడు గంటలు లోపలి వేడి హుషారుగా పెరిగి 60 దాటుతుంది. తర్వాత 65, 75 మధ్య ఎక్కడో ఆగిపోతుంది. గంట గడిచినా ఒక్క డిగ్రీ కదలదు, ఒక్కోసారి రెండు తగ్గుతుంది. థర్మామీటర్ పాడైందనో, నిప్పు ఆరిందనో కంగారుపడి బొగ్గు కుమ్మరిస్తారు. దాంతో ముక్క అడుగు మాడిపోతుంది.

అక్కడ జరిగేది మట్టికుండలో నీళ్లు చల్లబడటం లాంటిదే. మాంసంలోంచి ఊరే తడి పైకి వచ్చి ఆవిరవుతూ, నిప్పు ఇచ్చే వేడిని ఎప్పటికప్పుడు పట్టుకుపోతుంది. ఊరే తడి తగ్గాక వేడి మళ్లీ ఎక్కుతుంది. ఓపిక ఉంటే అలాగే వదిలేయండి. లేదంటే ముక్క మీద పొర ముదురు గోధుమ రంగు తిరిగి, గోటితో గీకితే ఊడకుండా ఉన్నప్పుడు, ఫాయిల్‌లో రెండు చుట్లు బిగించి చుట్టండి. గంటా రెండు గంటలు ఆదా అవుతుంది, పై పొర కొంచెం మెత్తబడుతుంది. పూతలేని కాగితంతో చుడితే పొర అంతగా మెత్తబడదు. వార్తాపత్రికలు వాడకండి, సిరా దిగుతుంది.

లోపల 93 నుంచి 96 వచ్చాక పుల్ల గుచ్చి చూడండి. మెత్తబడ్డ వెన్నలోకి దిగినట్టు దిగితే అయిపోయినట్టు. గట్టిగా పట్టుకుంటే ఇంకో అరగంట. కండల మధ్య ఉండే గట్టి పీచు కరిగి జిగురుగా మారడానికి ఆ వేడీ కావాలి, ఆ సమయమూ కావాలి. దించాక చుట్టు విప్పకుండా తువ్వాలు కప్పి ఖాళీ ఐస్ బాక్సులో గంటసేపు ఉంచండి.

మేక మాంసానికి ఇదంతా యథాతథంగా పనికిరాదు. కొవ్వు తక్కువ కాబట్టి చుట్టకుండా వదిలేస్తే చెప్పుతోలు అవుతుంది. జబ్బ ముక్కని మూడు గంటలు పొగలో ఉంచి, తర్వాత ఒక గరిటెడు ఎముకల రసం, చెంచా నెయ్యి పోసి ఫాయిల్‌లో చుట్టేయాలి. మొదటి ప్రయత్నానికి ఇది వద్దు, రెండు మూడుసార్లు చేయి తిరిగాక చేయండి.

అపోహ: కోడిని కూడా సన్నటి వేడిలోనే చేయాలి

కోడిలో కరగాల్సిన గట్టి పీచు తక్కువ. 110 దగ్గర చేస్తే మాంసం బాగానే ఉంటుంది గానీ తోలు రబ్బరులా సాగుతుంది. బొగ్గు ఒక పక్కకి, తొడ ముక్కలు రెండో పక్కకి పెట్టి 150 దగ్గర నడపండి, చెక్క ఒక్క ముక్క చాలు. గంటా గంటంపావులో లోపల 80 వస్తుంది. 74 దాటితే తినడానికి భయం లేదు, తొడ మాత్రం 80 మీదే మెత్తగా ఉంటుంది. కొత్తవాళ్లు దీంతోనే మొదలుపెట్టాలి.

అపోహ: లోపల గులాబీ రంగు ఉంటే ఉడకనట్టు, అంచున గులాబీ వలయం ఉంటే గొప్పగా పొగ పట్టినట్టు

రెండూ తప్పే. నిప్పులో పుట్టే వాయువులు మాంసంలోని ఎరుపు పదార్థంతో కలిసి ఆ రంగుని నిలిపేస్తాయి. దానికి రుచి లేదు. కోడి ఎముక దగ్గర గులాబీ రంగు 80 డిగ్రీల తర్వాత కూడా ఉండొచ్చు. ఉడికిందా లేదా అన్నది థర్మామీటరే చెప్పాలి.

అపోహ: పొగ పట్టిన మాంసం పాడవదు

వట్టి తునకలు నిలవ ఉండేది ఉప్పు పట్టించి, నీరంతా పోయి పెళుసెక్కేదాకా ఎండలో పెడతాం కాబట్టి. గ్రిల్ మీద చేసింది నీరున్న, మామూలుగా వండిన మాంసం. బయట రెండు గంటలు, 32 డిగ్రీలు దాటే ఎండాకాలంలో ఒక్క గంట. ఆలోగా ఫ్రిజ్‌లోకి వెళ్లాలి, మూడు నాలుగు రోజుల్లో తినేయాలి. వేడి లేకుండా పొగ మాత్రమే పట్టించే పద్ధతికి ఉప్పు, నైట్రైట్ (మాంసం పాడవకుండా కలిపే లవణం) లెక్కలు తెలిసి ఉండాలి. కొత్తవాళ్లు దాని జోలికి పోవద్దు.

అపోహ: వాన పడితే గ్రిల్‌ని బాల్కనీలోకో పార్కింగ్‌లోకో జరుపుకోవచ్చు

బొగ్గు నుంచి కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు, కిటికీ తెరిచినంత మాత్రాన పోదు, ప్రాణాలు తీస్తుంది. గ్రిల్ ఆరుబయటే ఉండాలి. వాన గట్టిగా పడుతుంటే ముక్కని ఫాయిల్‌లో చుట్టి 130 డిగ్రీల ఓవెన్‌లో పెట్టి ముగించండి. చుట్టాక ఎలాగూ పొగ లోపలికి పోదు కాబట్టి రుచిలో తేడా రాదు. పని అయ్యాక గ్రిల్ రెండు రంధ్రాలూ మూసేయండి. బూడిదని మర్నాటి దాకా కదపకండి, ఎత్తేటప్పుడు కూడా మూతున్న ఇనప బకెట్‌లోకే ఎత్తండి. పైకి చల్లగా కనిపించే బూడిద కింద నిప్పురవ్వ రోజంతా బతికే ఉంటుంది.