అపోహలు - వాస్తవాలు: ఫెయిల్యూర్ రిపోర్టు వస్తే సమస్య తీరినట్టేనా?

ల్యాబ్ రిపోర్టు రాగానే దాన్ని కస్టమర్‌కు పంపి, ఫైలు మూసేసి, ‘ఇక ఇది మళ్లీ రాదు కదండీ’ అని అడిగేవారు నాణ్యత విభాగంలో పనిచేసే నాకు తరచుగా ఎదురవుతుంటారు. విరిగిన భాగం ఎందుకు విరిగిందో తేల్చడం ఒక పని, రేపు తయారయ్యేది విరగకుండా చూడడం మరొక పని. ఈ రెండూ ఒకటే అనుకోవడం మా రంగంలో అన్నిటికంటే ఖరీదైన అపోహ కాబట్టి ముఖ్యంగా దాని గురించే రాస్తున్నాను.

నేను దగ్గరగా చూసిన ఒక కేసులో, జింక్ ప్లేటింగ్ చేసిన 12.9 గ్రేడ్ (చాలా అధిక బలం గల) బోల్టులను సరైన టార్క్‌కే బిగించినా మర్నాటికి కొన్నిటి తలలు ఊడి పడేవి. విరిగిన ముఖాన్ని ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో చూస్తే, పటికబెల్లం పలుకును విరిచినట్టు, పగులు లోహపు రేణువుల సరిహద్దుల వెంబడే సాగింది. తుప్పు, పొలుసు పోగొట్టే యాసిడ్ పిక్లింగ్‌లోనూ ప్లేటింగ్ తొట్టిలోనూ ఉక్కులోకి చేరి దాన్ని పెళుసుబార్చిన హైడ్రోజనే కారణమని ల్యాబ్ సరిగ్గానే తేల్చింది. అయితే సమస్యను ఎనిమిది అంచెల్లో పరిష్కరించే 8డి రిపోర్టులో శాశ్వత చర్య రాయవలసిన గడిలో ‘ఆపరేటర్‌కు శిక్షణ ఇచ్చాం, వంద శాతం తనిఖీ మొదలుపెట్టాం’ అని రాశారు. హైడ్రోజన్ చేరిన బోల్టు బిగించేదాకా కంటికీ గేజికీ మామూలు బోల్టులాగే ఉంటుంది, గట్టిదనం కొలిచినా బయటపడదు; ఇక ఆ తనిఖీ ఏం పట్టుకుంటుంది? కొన్నాళ్లకు మరో సైజు బోల్టులో అదే ఫిర్యాదు వచ్చింది.

అక్కడ నివారణ అంటే పిక్లింగ్ బదులు షాట్ బ్లాస్టింగ్ (చిన్న గుళ్లను వేగంగా విసిరి శుభ్రపరచడం) చేయడం, ప్లేటింగ్ అయిన నాలుగు గంటల లోపే 190-220 డిగ్రీల సెల్సియస్ వద్ద హైడ్రోజన్ బయటికి పోయేలా గంటల తరబడి బేకింగ్ చేయడం, తొట్టి నుంచి తీసిన సమయం బ్యాచ్ కార్డుపై లేకపోతే ఆ బ్యాచ్‌ను ముందుకు కదలనివ్వకపోవడం, వీలైతే డిజైన్ దశలోనే విద్యుత్తుతో పనిలేని జింక్ ఫ్లేక్ పూతకు మారడం. ఆ తొట్టిలో మునిగే ప్రతి హై-టెన్సైల్ (అధిక బలం గల) బోల్టుకూ ఇవి వర్తించాలి గానీ ఫిర్యాదు వచ్చిన పార్ట్ నంబరుకు మాత్రమే కాదు.

ఈ తేడా ఎంత దూరం వెళుతుందో అమెరికా స్పేస్ షటిల్ చాలెంజర్ చరిత్ర చెబుతుంది. 1981 నవంబరులో జరిగిన రెండో షటిల్ ప్రయాణం తర్వాతే, బూస్టర్ రాకెట్ జాయింటులోని ఓ-రింగు (వాయువులు బయటికి రాకుండా ఆపే రబ్బరు వలయం) వేడి వాయువులకు కొంత అరిగిపోయిందని ఇంజనీర్లు గమనించారు. తర్వాతి ప్రయాణాల్లోనూ ఆ అరుగుదలను కొలిచారు, చర్చించారు, నమోదు చేశారు. అయినా జాయింటు మార్చకుండానే ప్రయాణాలు కొనసాగించారు. 1986 జనవరి 28న చాలెంజర్ గాలిలోనే ముక్కలై ఏడుగురు మరణించాకే దాన్ని మార్చారు.

నాణ్యతా నిర్వహణకు అంతర్జాతీయ ప్రమాణమైన ‘ఐఎస్ఓ 9001 నుంచి ప్రివెంటివ్ యాక్షన్ (నివారణ చర్య) తీసేశారట’ అన్న పుకారు ఇంకా తిరుగుతూనే ఉంది. 2015 కూర్పులో పోయింది ఆ పేరుతో ఉన్న ప్రత్యేక క్లాజు మాత్రమే, దాని పని క్లాజు 6.1లోని రిస్కుల ప్రణాళికలోకి చేరింది. ప్రమాణం చదవకుండా ఫార్వర్డ్ చేసేవారికి ఇంతకంటే చెప్పేదేమీ లేదు. ఇక ఎఫ్ఎంఈఏ (ఏ భాగం ఎలా విఫలం కావచ్చో, దాని ప్రభావం ఏమిటో ముందే విశ్లేషించే పద్ధతి) అంటే, ఆడిట్‌కు ముందురోజు నింపే కాగితమూ కాదు. 1949లో అమెరికా సైన్యం దాన్ని రూపొందించిందే వైఫల్యాన్ని ముందుగా ఊహించడానికి.

కస్టమర్ ఫోను వస్తేనే గుండె దడ పుట్టే కొత్త ఇంజనీర్ల పరిస్థితి నాకు తెలుసు. విశ్లేషణ వెతికేది కారణాన్ని, దోషిని కాదు. కాబట్టి ఏదీ దాచకండి. విరిగిన ముక్కలను కడగకండి, ఒకదానికొకటి ఆనించి చూడకండి, ఆనిస్తే ఆధారాలు రాపిడికి చెరిగిపోతాయి. వాటిని పొడి సంచిలో వేసి, అనుమానమున్న స్టాకును ముందు నిలిపివేయండి. రిపోర్టు వచ్చాక 8డిలోని ఏడో గడి, అంటే పునరావృతం కాకుండా తీసుకున్న చర్యల గడి, చూడండి. అక్కడ రాసిన మార్పు, తయారీలో ఏ దశలో ఏం అదుపులో ఉంచాలో చెప్పే కంట్రోల్ ప్లాన్‌లో కనిపించకపోతే సంతకం పెట్టకండి.