ఈ ఫిల్టర్ నీళ్లకు కాదు

నల్గొండలో ఫిల్టర్ అన్న మాట వినగానే ఎవరికైనా నీళ్లే గుర్తొస్తాయి. ఫ్లోరైడ్ తీసే పద్ధతికి 'నల్గొండ టెక్నిక్' అని మా ఊరి పేరే పెట్టారు మరి. అందుకే, అరచేతిలో పట్టే అల్యూమినియం డబ్బా ఒకటి కోసివ్వమని, ఫిల్టర్ కోసమని లేత్ షాపులో చెబితే ఆ మిస్త్రీ డబ్బా కొలతలు చూసి నవ్వాడు. "గింతదాంట్ల నీళ్లేం పడ్తయన్నా?"

నీళ్లకు కాదు, విమానాలకు అన్నాను. అది విన్నాక ఇంకా గట్టిగా నవ్వాడు.

ఢిల్లీ నుంచి చెన్నైకి మ్యాప్ మీద స్కేలు పెట్టి గీత గీస్తే అది నల్గొండకు దగ్గర్లోంచే పోతుంది. విమానాలు అచ్చంగా ఆ గీత మీదే నడవవు గానీ, ఎండాకాలం రాత్రి డాబా మీద పడుకుంటే మిణుకుమంటూ దక్షిణానికి పోయేవి కనబడుతూనే ఉంటాయి. అవి మాట్లాడుతుంటాయి కూడా. ఎక్కడున్నాయో, ఎంత ఎత్తులో ఉన్నాయో సెకనుకు దాదాపు రెండుసార్లు, 1090 మెగాహెర్ట్జ్ మీద అందరికీ వినబడేలా చెబుతాయి. దీన్ని ఏడీఎస్-బీ అంటారు. ఒక్కో సందేశం 112 బిట్లు. దాని ముందు వచ్చే చిన్న పిలుపుతో కలిపి 120 మైక్రోసెకన్లలో అయిపోతుంది. మనం రెప్ప కొట్టేలోగా అలాంటివి వెయ్యి దాకా చెప్పొచ్చు. వీటికి తాళం లేదు, రహస్య లిపి లేదు. కంప్యూటర్‌లో టీవీ చూడటానికి అమ్మిన చవక యూఎస్‌బీ డాంగుల్‌ను మామూలు రేడియోలా వాడుకోవచ్చని 2012 ప్రాంతంలో బయటపడింది. అదే ఏడాది సాల్వతోరె సాన్‌ఫిలిప్పో అనే ఇటలీ ప్రోగ్రామర్ ఆ సందేశాలను విప్పి చూపే 'డంప్1090' ప్రోగ్రామ్ రాశాడు. అప్పటినుంచి ఇది డాబా ఉన్న ఎవరైనా ఆడుకోగల ఆట అయింది.

నేను మొదట డాంగుల్, చిన్న యాంటెనా మాత్రమే పెట్టాను. శంషాబాద్‌లో పైకి లేచినవి, నెత్తి మీదుగా పోయేవి కనబడ్డాయి. దూరంవి లేవు. డిష్‌లు బిగించే తమ్ముడు ఒకడు "బూస్టర్ ఎయ్యి అన్నా" అన్నాడు. వేశాను. ఉన్న విమానాల్లోనూ సగం పోయాయి! బూస్టర్ పాడైందనుకొని ఇంకొకటి తెప్పించాను. అదీ అంతే. డబ్బులు పోయాకగానీ మా ఇంటికి రెండిళ్ల అవతల ఉన్న సెల్ టవర్ వైపు నా చూపు పోలేదు.

చిన్న లెక్క వేద్దాం. విమానం 200 కిలోమీటర్ల దూరంలో ఉంది, టవర్ 50 మీటర్లలో. అంటే విమానం 4,000 రెట్లు దూరం. రేడియో శక్తి దూరం వర్గానికి తగ్గట్టు పలచబడుతుంది కాబట్టి, ఇద్దరూ ఒకే శక్తితో అరిచినా నా యాంటెనా దగ్గర టవర్ గొంతు 1 కోటి 60 లక్షల రెట్లు గట్టిగా ఉంటుంది. టవర్ యాంటెనాలు దూరంలో ఉన్న ఫోన్ల వైపు తిరిగి ఉంటాయి, కింద ఉన్న డాబా మీద వాటి పూర్తి బలం పడదు. అయినా తేడా లక్షల రెట్లలోనే ఉంటుంది. బారాత్‌లో డీజే పెట్టెల పక్కన నిలబడి, వీధి చివరన తాత ఏమంటున్నాడో వినాలనుకోవడం లాంటిదే ఇది. అక్కడ చెవికి మిషన్ పెట్టుకుంటే డీజే మోత కూడా పెరుగుతుంది కదా. నా బూస్టర్ చేసిందీ అదే.

టవర్ 1090 మీద మాట్లాడదు కదా, దానివల్ల నష్టమేమిటి అని నాకూ అనుమానం వచ్చింది. 900 బ్యాండ్‌లో టవర్ మాట్లాడేది 935 నుంచి 960 మెగాహెర్ట్జ్ వరకు. 1800 బ్యాండ్‌లో అయితే 1805 నుంచి 1880 వరకు. 700 బ్యాండ్‌లో 758 నుంచి 803 వరకు. 1090 వీటిలో దేనిదీ కాదు. కానీ బూస్టర్‌కు, అంటే యాంప్లిఫయర్‌కు, ఒక హద్దు ఉంటుంది. అది దాటిన సిగ్నల్ లోపలికొస్తే యాంప్లిఫయర్ చిన్న సిగ్నళ్లను అణిచేస్తుంది, పైగా లేని ఫ్రీక్వెన్సీలను పుట్టిస్తుంది. రెండు గట్టి సిగ్నళ్లు కలిసి వస్తే వాటి కూడిక, తీసివేత కూడా దాంట్లోంచి బయటికొస్తాయి. ఇప్పుడు ఒకే టవర్ మీదున్న రెండు బ్యాండ్లను తీసుకోండి: 1860లోంచి 770 తీసేస్తే ఎంత? సరిగ్గా 1090. టవర్ సిగ్నల్ సన్నటి గీతలా ఉండదు, పరుచుకొని ఉంటుంది. కాబట్టి ఈ దొంగ సిగ్నల్ కూడా 1090 మీద దుప్పటిలా కప్పేస్తుంది.

ఇక్కడ మళ్లీ మా ఊరి నీళ్లకే వస్తాను. బట్టతో వడగడితే మట్టి పోతుందిగానీ, నీటిలో కరిగిన ఫ్లోరైడ్ పోదు. యాంప్లిఫయర్‌లో పుట్టిన 1090 చెత్తా అంతే. తర్వాత ఎంత మంచి ఫిల్టర్ పెట్టినా దాన్ని తీయలేదు, ఎందుకంటే విమానం మాట, చెత్త రెండూ ఒకే ఫ్రీక్వెన్సీ మీద ఉన్నాయి. కరగకముందే ఆపాలి, అంటే 1090ని వదిలి మిగతావాటిని ఆపే ఫిల్టర్ యాంప్లిఫయర్ కంటే ముందే ఉండాలి.

ఏ ఫిల్టర్ కొనాలి అనేముందు పైసా ఖర్చు లేని పరీక్ష ఒకటి ఉంది. సాఫ్ట్‌వేర్‌లో గెయిన్, అంటే డాంగుల్ సిగ్నల్‌ను ఎంత పెంచాలనే మీట, కొంచెం కొంచెంగా తగ్గించండి. గెయిన్ తగ్గిస్తే విమానాలు పెరిగాయంటే మీ డాంగుల్ ఓవర్‌లోడ్‌లో ఉన్నట్టే. తగ్గుతూ పోతే మీకు ఫిల్టర్ అవసరం పెద్దగా లేనట్టు. నేనిది ముందే చేసి ఉంటే రెండో బూస్టర్ డబ్బులు మిగిలేవి.

ఫిల్టర్లలో చవకది కాయిల్, కెపాసిటర్లతో చేసింది. వెయ్యి మెగాహెర్ట్జ్ దగ్గర చిన్న కాయిల్స్‌లో నష్టం ఎక్కువ, అందుకే దాని జల్లెడ కన్నాలు పెద్దవి: ఎఫ్ఎం, టీవీలను ఆపుతుందిగానీ 950 దగ్గరున్న టవర్‌ను గట్టిగా ఆపలేదు. సర్క్యూట్ బోర్డు మీద రాగి గీతలతో చేసేవీ ఉన్నాయి. మామూలు బోర్డు మీద చేస్తే బోర్డే సిగ్నల్ తినేస్తుంది. ఈ రెండింటి మీద నాకు పెద్ద గౌరవం లేదు.

నన్ను ముగ్గులోకి దింపింది 'సా' (సర్ఫేస్ అకౌస్టిక్ వేవ్) ఫిల్టర్. పాత కలర్ టీవీలు రిపేర్ చేసినవాళ్లకు ఈ పేరు తెలుసు, ట్యూనర్ పక్కనే ఉండేది. రేడియో సిగ్నల్‌ను ఇది బుల్లి భూకంపంగా మారుస్తుంది. ప్రత్యేకమైన స్ఫటికం మీద రెండు దువ్వెనల పళ్లు ఒకదాని మధ్యలో ఒకటి దూర్చినట్టు సన్నటి లోహపు గీతలుంటాయి. కరెంటు తగిలితే స్ఫటికం ఉపరితలం వణుకుతుంది. ఆ వణుకు అలగా పాకి, అవతలి దువ్వెనకు చేరి మళ్లీ కరెంటుగా మారుతుంది. ఉపరితలం మీద పాకే ఇలాంటి అలల గురించి లార్డ్ రేలీ 1885లోనే చెప్పాడు. భూకంపాల్లోనూ ఇవి ఉంటాయి. దువ్వెనల ఉపాయం 1965లో వైట్, వోల్ట్‌మర్‌లది.

ఇదంతా ఎందుకంటే, గాల్లో 1090 మెగాహెర్ట్జ్ అల పొడవు 27.5 సెంటీమీటర్లు. స్ఫటికం మీద అల సెకనుకు 3 నుంచి 4 కిలోమీటర్లు మాత్రమే పోతుంది, వెలుగు వేగంలో అది దాదాపు లక్షో వంతు. కాబట్టి అదే అల అక్కడ మైక్రాన్లలోకి కుంచించుకుపోతుంది. దువ్వెన పళ్ల దూరానికి సరిపోయిన అలలే బలపడతాయి, మిగతావి ఒకదాన్నొకటి చంపుకుంటాయి. పెద్ద పెట్టె చేయాల్సిన పని బియ్యపు గింజంత ముక్క చేసేస్తుంది. అందుకే ఇలాంటివి మీ జేబులోని ఫోన్‌లోనూ బోలెడు.

నల్గొండ ఎండలకు దీని ఫ్రీక్వెన్సీ జరిగిపోదా అని భయపడ్డాను. జరుగుతుంది, డిగ్రీకి పది లక్షల్లో కొన్ని పదుల వంతులు. 30 డిగ్రీలు వేడెక్కినా ఒకటి రెండు మెగాహెర్ట్జ్. ఫిల్టర్ వదిలే దారి వెడల్పు పదుల మెగాహెర్ట్జ్ ఉంటుంది కాబట్టి పర్వాలేదు. ఎండకు ముందు ఉడికేది డాంగులే.

'సా' ఫిల్టర్‌కు ఉన్న లోపం, మనకు కావాల్సిన సిగ్నల్‌లోంచి కూడా తన కమీషన్ తీసుకోవడం. సాధారణంగా 2 నుంచి 3 డెసిబెల్స్. 3 డెసిబెల్స్ అంటే శక్తిలో సగం. దూరం వర్గం లెక్కలో చూస్తే, 200 కిలోమీటర్ల దాకా వినబడేది 140 దగ్గర ఆగిపోవడం.

లేత్ షాపు డబ్బా కథ అక్కడే మొదలైంది. కేవిటీ ఫిల్టర్ అంటే లోహపు డబ్బా లోపల అల పొడవులో పావు వంతు, సుమారు 6.9 సెంటీమీటర్ల కడ్డీ. ఖాళీ సీసా మూతి మీద ఊదితే ఒకే స్వరం పలికినట్టు, ఈ డబ్బా ఒకే ఫ్రీక్వెన్సీకి పలుకుతుంది. బాగా చేస్తే నష్టం 1 డెసిబెల్ లోపే. బాగా చేయడమే కష్టం: మర పావు చుట్టు తిప్పితే ట్యూనింగ్ ఎటో పోతుంది. నానో వీఎన్ఏ అనే చిన్న మీటర్ అరువు తెచ్చుకొని రెండు ఆదివారాలు కూర్చున్నాను. ఇంకో మెలిక కూడా ఉంది. పావు వంతు కడ్డీ మూడు రెట్ల ఫ్రీక్వెన్సీకి, అంటే 3270కి కూడా పలుకుతుంది. టవర్ ఆ దరిదాపుల్లో మాట్లాడితే ఆ తలుపు తెరిచే ఉన్నట్టు.

మరి ఏది ముందు, ఏది వెనక? రిసీవర్ వరసలో ఎవరి రొద ఎంత లెక్కకొస్తుందో 1944లో హరాల్డ్ ఫ్రిస్ సూత్రం రాశాడు. అసలు సంగతి ఒక్కటే, మొదట నిలబడినవాడు చేసిన నష్టం చివరిదాకా పూర్తిగా మోయాలి. యాంప్లిఫయర్ తర్వాత వచ్చే నష్టాలు చిన్నబోతాయి. డిష్ చూడండి, సిగ్నల్ పెంచే ఎల్‌ఎన్‌బీ పెట్టె పైన గొడుగు ముందే ఎందుకుంటుంది? వైరులో సిగ్నల్ పోకముందే పెంచడానికి. డిష్‌కు వాడే ఆర్‌జీ-6 వైరు మన ఫ్రీక్వెన్సీ దగ్గర 100 మీటర్లకు సుమారు 20 డెసిబెల్స్ తింటుంది. డాబా నుంచి కింది గదిదాకా 15 మీటర్లు లాగితే 3 డెసిబెల్స్ పోయినట్టే. అంటే ఫిల్టర్ నష్టం గురించి నెలల తరబడి తర్కించేవాళ్లు అంత నష్టాన్నీ గోడ వెంట వైరులోనే వదిలేస్తున్నారు. నేనూ అందులో ఒకణ్ణి. ఇప్పుడు తక్కువ నష్టం ఉన్న కేవిటీ ముందు, దాని వెనక యాంప్లిఫయర్, ఆ వెనక 'సా', మూడూ యాంటెనా కర్రకే కట్టి, కరెంటు అదే వైరులో పైకి పంపుతున్నాను.

ఫిల్టర్లను పోల్చేటప్పుడు జరిగే మోసం కూడా చెప్పాలి. ఉదయం ఒకటి, సాయంత్రం ఒకటి పెట్టి లెక్కిస్తే మనం కొలిచేది విమానాల రద్దీని. పది నిమిషాలకొకటి మారుస్తూ చాలాసేపు చూడాలి. ఫిల్టర్ మార్చిన ప్రతిసారీ గెయిన్ మళ్లీ సరిచూసుకోవాలి, లేకపోతే ఒకదానికి అన్యాయం జరుగుతుంది. మొత్తం సందేశాల సంఖ్య చూసి మురిసిపోవద్దు. దగ్గరి విమానాలే ఆ సంఖ్యను నింపేస్తాయి. దూరపు అంచున ఎన్ని మిగిలాయో చూడాలి. 35,000 అడుగుల మీద ఎగిరేదానికి ఆ అంచు, భూమి వంపు ప్రకారం, సుమారు 430 కిలోమీటర్లు. శంషాబాద్ మా డాబాకు నేరుగా 90 కిలోమీటర్లే అయినా అక్కడ దిగే విమానం చివర్లో మాయమవుతుంది. నేల చదునుగా ఉందనుకున్నా అది కనీసం 350 మీటర్ల ఎత్తులో ఉంటేనే నాకు వినబడుతుంది. దీనికి ఏ ఫిల్టరూ మందు కాదు.

ఇదే సామాను దేవరకొండ వైపు అమ్మమ్మ ఊరికి తీసుకెళ్లాను. దగ్గర్లో టవర్ లేదు, ఫోన్ సిగ్నల్ కోసం గట్టు ఎక్కాలి. అక్కడ 'సా' ముందు పెడితే దూరపు విమానాలు తగ్గాయి, తీసేస్తే పెరిగాయి. నల్గొండలో నా పరువు తీసిన ఆ బూస్టరే అక్కడ ఒంటరిగా అన్నిటికంటే బాగా పనిచేసింది. అమ్మమ్మ మంచం మీద కూర్చొని, తెర మీద కదిలే చుక్కల్లో ఏది దుబాయికి పోతుందని అడిగింది. మా మామ అక్కడే ఉంటాడు.

మొన్న మా టవర్ మీద కొత్త పెట్టెలు బిగించారు. మర్నాటికి నా తెర మీద దక్షిణం వైపు విమానాలు పలచబడ్డాయి. గెయిన్ నాలుగు మెట్లు దించితే కొన్ని తిరిగొచ్చాయి. కేవిటీ మర మళ్లీ తిప్పాలి, మీటర్ మళ్లీ అరువు అడగాలి.