మగవాళ్లకు హెచ్‌పీవీ టీకా: పర్లాకిమిడిలో నేను తరచూ వినే అపోహలు, అసలు వాస్తవాలు

ఒడిశాలో, శ్రీకాకుళం జిల్లాకు ఆనుకునే ఉన్న పర్లాకిమిడిలో చర్మ, సుఖవ్యాధుల డాక్టర్‌గా పనిచేస్తున్నాను. కాశీనగర్, గుణుపూర్ వైపు నుంచి, అటు పాతపట్నం నుంచి కూడా మనవాళ్లు వస్తుంటారు. అయితే హెచ్‌పీవీ (హ్యూమన్ పాపిలోమా వైరస్) వల్ల మర్మాంగాల మీద పులిపిర్లు వచ్చిన మగవాళ్లు సరాసరి రారు. సిగ్గుతో నెలల తరబడి దాచుకుని, సున్నంలో బట్టల సోడా కలిపి పెట్టుకుని, చర్మం కాలి పుండయ్యాక, చివరి పేషెంటు కూడా వెళ్లిపోయాక లోపలికొస్తారు. ఈమధ్య వాళ్లు అడిగేది ఒకటే, "డాక్టరు బాబూ, దీనికి టీకా ఉందట కదా, వేసేయండి."

అపోహ: టీకా వేస్తే ఉన్న పులిపిర్లు రాలిపోతాయి.

రాలవు. టీకాలో ఉండేది వైరస్ పైపొర ప్రోటీన్ మాత్రమే, లోపల జన్యుపదార్థం ఉండదు కాబట్టి దానివల్ల జబ్బు రాదు, కానీ ఒంట్లో యాంటీబాడీలు ముందుగానే తయారై కాపలా కాస్తాయి. చర్మ కణాల్లోకి అప్పటికే దూరిన వైరస్‌ని మాత్రం అవి బయటకు లాగలేవు. ఉన్నవాటిని పూత మందులతోనో, ద్రవ నైట్రోజన్‌తోనో, కరెంటుతో కాల్చో తీయాలి, తీసినా కొందరికి మళ్లీ వస్తాయి. సూరత్ మగ్గాల్లో పనిచేసే ఒక కుర్రాడికి నయమైపోతుందని చెప్పి ఎక్కడో మూడు డోసులూ వేశారు. పులిపిర్లు అలాగే ఉన్నాయి, నెలల జీతం పోయింది. ఆ రోజు నాకు చాలా బాధేసింది.

ఈ రకం టీకా మీద, 16 నుంచి 26 ఏళ్ల మగవాళ్లు నాలుగు వేల మందికి పైగా పాల్గొన్న అధ్యయనం 2011లో వచ్చింది. టీకా అడ్డుకునే వైరస్ రకాలు ఇంకా సోకకుండా మూడు డోసులూ పూర్తిచేసిన వాళ్లలో ఆ రకాల వల్ల వచ్చే పులిపిర్లు, ఇతర చర్మ మార్పులు సుమారు 90 శాతం తగ్గాయి. అప్పటికే సోకినవాళ్లని కూడా కలిపి చూస్తే ఆ తగ్గుదల 65 శాతమే. అందుకే పెళ్లికి ముందే, సంబంధాలు మొదలవకముందే వేయించుకోమంటాను. పులిపిర్లు వచ్చినవాళ్లకి కూడా ఇంకా సోకని రకాల నుంచి కాపాడుతుంది, కానీ ఆ మాట చెప్పి వేయాలి, నయమవుతుందని కాదు.

అపోహ: అది ఆడపిల్లల టీకా.

ఈ పులిపిర్లలో దాదాపు 90 శాతానికి హెచ్‌పీవీలోని 6, 11 రకాలే కారణం, అవి రెండూ మన దేశంలో తయారైన సెర్వావ్యాక్ టీకాలో ఉన్నాయి. 2022లో దానికి అనుమతి ఇచ్చినప్పుడే 9 నుంచి 26 ఏళ్ల మగవాళ్లకీ వేయడానికి అనుమతించారు. 9 నుంచి 14 ఏళ్ల వాళ్లకి రెండు డోసులు, 15 ఏళ్ల నుంచి మూడు: మొదటిది, రెండు నెలలకు, ఆరు నెలలకు. మధ్యలో వలస పనికి వెళ్లిపోయి డోసు తప్పిందా, టెన్షన్ వద్దు, మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టక్కర్లేదు, తిరిగొచ్చాక మిగతావి వేయించుకుంటే చాలు. 26 దాటినవాళ్లకి లాభం తగ్గుతుంది, డబ్బు పెట్టేముందు డాక్టర్‌తో కూర్చుని మాట్లాడండి.

అపోహ: పులిపిర్లు వచ్చాయంటే ఇంటి ఆడమనిషి తప్పు చేసినట్టే.

ఈ మాట మీద కాపురాలు కూలిపోయే దాకా వెళ్లడం చూశాను. వైరస్ సోకిన కొన్ని వారాలకో, నెలలకో, ఒక్కోసారి ఏళ్లకో పులిపిరి పైకి కనిపిస్తుంది. ఎవరి నుంచి ఎవరికి, ఎప్పుడు వచ్చిందో ఏ పరీక్షా చెప్పదు. సూరత్ నుంచి సంక్రాంతికి వచ్చిన మనిషికి అప్పుడు కనిపించినంత మాత్రాన అప్పుడే అంటిందని కాదు. దయచేసి భార్యని నిలదీయకండి, ఆమెను కూడా పరీక్షకి తీసుకురండి.

టీకాతో మగతనం తగ్గుతుంది, పిల్లలు పుట్టరు అనేవి వట్టి మాటలు. చేయి నొప్పి, కొద్దిగా జ్వరం, ఒక్కోసారి కళ్లు తిరగడం ఉంటాయి, అందుకే వేశాక పదిహేను నిమిషాలు కూర్చోబెడతాం. 6, 11 రకాల పులిపిర్లు క్యాన్సర్‌గా మారడం చాలా అరుదు. కండోమ్ వాడితే ప్రమాదం తగ్గుతుంది కానీ పూర్తిగా పోదు, అది కప్పని చర్మం నుంచి కూడా ఈ వైరస్ అంటుతుంది.

ఇంకొకటి, అక్కడ కనిపించే ప్రతి బుడిపీ పులిపిరి కాదు. శిశ్నం అంచున వరుసగా ఉండే సన్నటి ముత్యాల్లాంటివి మామూలు చర్మమే, వాటిని కాల్చుకోవద్దు. తడిగా, చదునుగా ఉన్నవి సిఫిలిస్ అనే సుఖవ్యాధి కావచ్చు, దానికి రక్తపరీక్ష, పెన్సిలిన్ ఇంజెక్షన్ ఉన్నాయి. జిల్లా ఆసుపత్రుల్లోని సురక్ష క్లినిక్‌లలో ఆ పరీక్ష ఉచితం, హెచ్ఐవీ పరీక్ష కూడా అదే రోజు చేయించుకోండి.